అన్నయ్య పక్కన

మా ఆయన్ని ఫిల్మ్‌నగర్‌లో అందరూ ‘చిన్న సారు’ అంటారు. ఆయనకి యాభై రెండేళ్ళు. జుట్టు సగం నెరిసింది, మోకాలికి పట్టీ వేసుకుంటేగానీ మెట్లెక్కలేరు. అయినా చిన్న సారే. పెద్ద సారంటే ఆయన అన్నగారు, మా బావగారు. ఇద్దరికీ పదహారేళ్ళ తేడా. మా మామగారు పోయేనాటికి మా ఆయన పలకా బలపం పట్టే వయసులో ఉన్నారట. అన్నగారే మద్రాసు తీసుకెళ్ళి చదివించారు. సినిమా పరిశ్రమ హైదరాబాదుకి తరలి వచ్చినప్పుడు తనతో పాటు ఇక్కడికి తీసుకొచ్చారు. చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే అన్నయ్య తనని భుజాన వేసుకుని మద్రాసు వీధుల్లో ఆసుపత్రి వెతుక్కుంటూ తిరిగాడని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే నాకు చెప్పారు. నేను ముందు ఒకరి తమ్ముణ్ణి, తరవాతే మొగుణ్ణి కట్టుకున్నానని నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

మా ఆఫీసు ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద, ఒకప్పుడు ఎవరో కాపురం కోసం కట్టుకున్న ఇంట్లో ఉండేది. ఆ ఇంటి వంటగదే ఎకౌంట్స్ రూము. కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పే ఉద్యోగం మానేశాక నేను కూర్చునేది అక్కడే. గాజు తలుపులోంచి హాలంతా కనపడేది, మాటలన్నీ వినపడేవి. హాలు మధ్యలో బావగారి పెద్ద కుర్చీ, దాని పక్కనే చేతుల్లేని చిన్న కుర్చీ మా ఆయనది. కథ చెప్పడానికొచ్చినవాళ్ళు బావగారికి ఎదురుగా కూర్చుని ఆయన మొహంలోకే చూస్తూ చెప్పేవారు. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. ఇంటర్వెల్ దగ్గర ఓసారి కళ్ళు తెరిచి కాఫీ తెప్పించేవారు. అంతా అయ్యాక, రేపు చెబుతాం బాబూ అనేవారు. వచ్చినాయన మెట్లు దిగి వెళ్ళిపోయాక, తమ్ముడి వైపు తల కూడా తిప్పకుండా ‘ఏరా?’ అని ఒక్క మాట అడిగేవారు.

అప్పుడు మా ఆయన చెప్పేవారు. మొదటి సగం బావుంది, రెండో సగంలో తండ్రి పాత్ర తేలిపోయింది, కొత్త కుర్రాణ్ణి పెడితే గట్టెక్కుతాం, పెద్ద హీరోని పెడితే మునుగుతాం, అని. మర్నాడు పొద్దున్నే బావగారు ఆ రచయితకి ఫోన్ చేసి అవే మాటలు అదే వరసలో చెప్పేవారు. ‘నాకెందుకో ఆ తండ్రి పాత్ర తేలిపోయిందనిపించింది బాబూ.’ నాకెందుకో! గాజు తలుపు ఇవతల నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

కథలే కాదు. ఏ దర్శకుడు, ఎంత ఖర్చు, ఏ వారం విడుదల, ఏ జిల్లా హక్కులు ఎవరికి ఇవ్వాలి, అన్నీ అంతే. ఈ సంగతి కృష్ణానగర్ గదుల్లో అద్దెకుండే జూనియర్ ఆర్టిస్టుల దగ్గర్నించి జూబిలీహిల్స్ హీరోల దాకా అందరికీ తెలుసు. తెలిసీ తెలియనట్టే ఉంటారు. మా పరిశ్రమలో అదో మర్యాద. పని కావాలంటే మా ఆయనకి ఫోన్ చేస్తారు. పనయ్యాక శాలువా, పూలగుత్తి పట్టుకుని బావగారి దగ్గరికి వస్తారు. ముహూర్తం రోజు కెమెరా స్విచ్ నొక్కేది ఆయన. తెర మీద సమర్పణ ఆయన పేరు, నిర్మాత ఆయన పేరు. మా ఆయన పేరు భూతద్దం పెట్టి వెతికినా కనపడదు.

దీనికి బావగారినే తప్పు పట్టడానికీ లేదు. ఒకసారి టైటిల్స్ చేసే అతను, పాపం మంచితనానికి పోయి, ‘నిర్వహణ’ అని మా ఆయన పేరు కలిపి తీసుకొచ్చాడు. ఈయనే దగ్గరుండి తీయించారు. ఒక ఇంటికి ఒక పేరు చాలన్నారట. ఆ మాట నాకు ఎవరో చెబితే తెలిసింది. ఆ వారమంతా ఆయనకి కంచంలో అన్నం పెట్టానే గానీ నోరు విప్పి మాట్లాడలేదు. ఆయనకి నేనెందుకు అలిగానో కూడా తెలీలేదు.

ఇలా ఉండగా కెనడా సంగతి వచ్చింది. మా సినిమాలు బయటి దేశాల్లో ఆడటం ఎక్కువైంది. అక్కడి హక్కులు ప్రతిసారీ ఎవరో ఒకరికి అమ్మేసి చేతులు దులుపుకునే బదులు, టొరంటోలో మనదే ఒక ఆఫీసు ఉంటే మన సినిమాలు మనమే వేసుకోవచ్చు, ఇంకొకళ్ళవీ వేయచ్చు అని మా ఆయనకి తోచింది. అలా కంపెనీ శాఖ ఒకటి అక్కడ పెట్టడానికి ఇక్కడి కంపెనీని నడిపే సీనియర్ ఎగ్జిక్యూటివ్‌ని పంపచ్చు, దానికో వీసా ఉంది. ముందు పని వీసా. ఆఫీసు నిలదొక్కుకుంటే తరవాత శాశ్వత నివాసం. బావగారితో చెబితే, ‘మంచిదేరా, వెళ్ళి చూడు’ అన్నారు, అరకులో లొకేషన్లు చూసి రమ్మన్నంత తేలిగ్గా.

నాకు విదేశాల మోజు ఏనాడూ లేదు. చలంటే భయం. జూబిలీహిల్స్‌లో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం, కింద బావగారు, ఆయన కూతురూ అల్లుడూ మనవలూ, మేడ మీద మేమిద్దరం. అక్కయ్య, అంటే బావగారి భార్య, పోయి అప్పటికి కొన్నేళ్ళయింది. మా అమ్మాయి పుణెలో ఉద్యోగం చేసుకుంటోంది. దేనికీ లోటు లేదు. అయినా వెళ్ళి తీరాలని పట్టుబట్టింది నేనే. దానికి కారణం మా ఆయన అన్న ఒక్క మాట. మేడ మీద నేను బట్టలు ఆరేస్తుంటే పక్కన నిలబడి క్లిప్పులు అందిస్తూ ఉన్నట్టుండి అన్నారు, ‘అక్కడైతే తెలిసిపోతుందే, నాకు నిజంగా పని వచ్చా, లేక అన్నయ్య పేరు మీద బండి నడిచిపోతోందా అని.’

నా చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళు ఒక కంపెనీని భుజాల మీద మోసిన మనిషికి తనకి పని వచ్చో రాదో తెలీదట! అంతవరకూ నాకు కోపమే ఉండేది. ఆ రోజు భయం వేసింది. ఈ మనిషి ఈ అనుమానంతోనే కన్నుమూస్తాడేమో అనిపించింది. మళ్ళీ వయసొకటి. శాశ్వత నివాసం ఏళ్ళు గడిచేకొద్దీ కష్టమవుతుందని అందరూ చెప్పేవారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

వీసా పనులు చూసే కన్సల్టెంట్ ఆఫీసు జూబిలీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర, ఒక నగల కొట్టు పై అంతస్తులో ఉండేది. వరంగల్ వైపు అమ్మాయి, ముప్పై ఐదేళ్ళుంటాయి. నవ్వుతూ మాట్లాడేది గానీ పని దగ్గర మొహమాటం లేదు. ఆవిడ మొదట అడిగింది కంపెనీలో ఎవరి కింద ఎవరు పనిచేస్తారో చూపించే బొమ్మ. తెల్లకాగితం, పెన్సిల్ ఇచ్చి గీయమంది. మా ఆయన అన్నిటికంటే పైన ఒక గడి గీసి బావగారి పేరు రాశారు. కింద ఎకౌంట్స్, ప్రొడక్షన్, పంపిణీ అని గళ్ళు గీశారు, మేనేజర్ల పేర్లు రాశారు, గీతలు కలిపారు. చక్కగా వచ్చింది బొమ్మ. అంతా అయ్యాక పెన్సిల్ కింద పెట్టారు.

‘సార్, మరి మీరేడున్నరు?’ అంది ఆ అమ్మాయి.

మా ఆయన కాగితం వైపు చూశారు. నిజంగానే వెతుక్కున్నారు. ‘నేనా… అన్నయ్య పక్కన’ అన్నారు.

‘పక్కన అని బాక్స్ ఉండదు సార్. మీద ఉంటరు, లేకుంటే కింద ఉంటరు.’

నాకు నవ్వొచ్చింది. మా ఆయన నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి, అన్నయ్య గడి కింద, మిగిలినవాళ్ళ మీద ఇంకో గడి గీసి అందులో తన పేరు రాశారు. రాసిన అక్షరాలు ఎవరైనా చూసి పట్టుకుంటారేమో అన్నంత చిన్నగా ఉన్నాయి.

ఆ తరవాత కాగితాల వేట. నియామక పత్రం ఉందా అని అడిగింది. అన్న తమ్ముడికి నియామక పత్రం ఇవ్వడం ఏ లోకంలో ఉంది? చిన్నప్పట్నించీ ఆఫీసుకి వస్తూ పోతూ ఉన్నాడు, అంతే. పాత తేదీ వేసి ఒకటి తయారు చేద్దామని మా మేనేజరు సలహా ఇచ్చాడు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ఉన్నది ఉన్నట్టు రాద్దాం, ఇప్పటి తేదీతోనే బోర్డు తీర్మానం చేయండి, పాత పని అంతా ఈమెయిల్సూ ఒప్పందాలూ చూపిస్తాయి అంది. బావగారు అధ్యక్షులు, మా ఆయన ముఖ్య కార్యనిర్వహణాధికారి అని తీర్మానం తయారైంది. బావగారు ఎక్కడ పెట్టాలని అడిగి సంతకం పెట్టేశారు. చదివి వినిపించమని కూడా అనలేదు. తమ్ముడు తెచ్చిన కాగితం ఆయన ఎప్పుడూ చదవలేదు.

వీసా అధికారి ఫోన్ చేసి మాట్లాడే అవకాశం ఉందని ఆ అమ్మాయి ముందే చెప్పింది. ఏమేం అడుగుతారో చెప్పి, మీరు చేసేదే చెప్పండి సార్, తగ్గించి చెప్పకండి అని మరీ మరీ చెప్పింది. తగ్గించి చెప్పకండి అనడంలోనే ఉంది, ఆవిడకి మా ఆయన అర్థమైపోయారు. నేనూ ఇంట్లో అడిగి అడిగి చెప్పించాను. నాతో బాగానే చెప్పారు.

ఫోన్ ఒక పొద్దున మేం టిఫిన్ చేస్తుండగా వచ్చింది. మా ఆయన చెయ్యి కడుక్కుని, ఫోను బల్ల మీద పెట్టి, నిలబడి మాట్లాడారు. ఇంగ్లీషు ఆయనకి బాగానే వచ్చు. కంపెనీ ఎన్నాళ్ళనించి ఉంది, టొరంటోలో ఏం చేస్తారు, ఎంతమందిని తీసుకుంటారు, అన్నిటికీ తడుముకోకుండా చెప్పారు. అవతలి మనిషి కూడా మర్యాదగానే మాట్లాడుతున్నాడు. అయిపోవచ్చిందనుకున్నాను. అప్పుడు అడిగాడు, మీ కంపెనీలో ఏ నిర్ణయానికైనా ఆఖరి మాట ఎవరిది అని.

‘మా అన్నయ్యది’ అన్నారు మా ఆయన ఇంగ్లీషులో.

ఆ చెప్పడం ఎలా ఉందనుకున్నారు! గుళ్ళో దేవుడి పేరు చెప్పినంత హాయిగా చెప్పారు. నేను చేతులు ఊపాను, తల అడ్డంగా ఆడించాను. ఆయన నా వైపు చూడలేదు. ఖర్చుల విషయంలో కూడానా అని అడిగాడు అవతలాయన. అన్నయ్యతో చెప్పకుండా నేను ఏదీ చేయనండీ అన్నారు ఈయన. ధన్యవాదాలు చెప్పి అవతల ఫోన్ పెట్టేశారు. మా ఆయన మళ్ళీ కూర్చుని ఇడ్లీ తినడం మొదలుపెట్టారు. బాగానే జరిగిందనుకున్నారు.

కొన్ని వారాలకి తిరస్కరించినట్టు ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారు తన కంపెనీలో స్వతంత్రంగా నిర్ణయాలు తీసుకునే స్థాయిలో ఉన్నట్టు తెలియలేదని అందులో ఉంది. నేను ఊరుకోలేదు. నోరు జారడం వేరు, తనని తాను తుడిచేసుకోవడం వేరు అన్నాను. ఇన్నేళ్ళూ ఎవరో మీ పేరు తీసేశారని ఏడ్చాను, తీసేస్తున్నది మీరేనని ఆ టైటిల్స్ నాడే తెలుసుకోవాల్సింది అన్నాను. ఇంకా చాలా అన్నాను. మా ఆయన అన్నీ విన్నారు. చివరికి, ‘ఆ ప్రశ్నకి నా నోట ఇంకో పేరు రాలేదే. తెచ్చుకోవాలని చూశాను, రాలేదు’ అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

ఆ సాయంత్రం కిందకి వెళ్ళి అన్నగారికి చెప్పారు, వీసా రాలేదని మాత్రమే. ఎందుకు రాలేదురా అని బావగారు అడిగారు. మా ఆయన ఏవో రూల్సు అని గొణిగారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఇక నావల్ల కాలేదు.

‘ఆఖరి మాట ఎవరిదని అడిగితే మీ పేరు చెప్పారు బావగారూ. అందుకు రాలేదు’ అన్నాను.

ఆ ఇంట్లో బావగారికి ఎదురుగా నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. మా ఆయన నన్ను వారించబోయారు. బావగారు చెయ్యెత్తి ఆపారు. ఆయనకి కోపం వచ్చిందో, గర్వంగా అనిపించిందో మొహం చూస్తే తెలియలేదు. తరవాత, ఆ వీసాల అమ్మాయి దగ్గరికి రేపు నన్ను తీసుకెళ్ళండి అన్నారు.

బావగారు ఒకరి ఆఫీసుకి వెళ్ళడం నేను చూడలేదు, ఎవరైనా ఆయన దగ్గరికి రావాల్సిందే. మర్నాడు తెల్ల చొక్కా, పంచె కట్టుకుని, నగల కొట్టు పక్కన ఇరుకు మెట్లెక్కి, మాతో పాటు ఆ అమ్మాయి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ విషయం దాచకుండా చెప్పింది. మళ్ళీ దరఖాస్తు చేయచ్చు. అయితే ఈసారి కంపెనీ అధ్యక్షులే, అసలు ఏ పని ఎవరు చేస్తున్నారో తేటగా రాసి సంతకం పెట్టాలి. వాళ్ళు అధ్యక్షులకే ఫోన్ చేసి కనుక్కోవచ్చు. అప్పుడు రాసిందొకటీ చెప్పిందొకటీ అయితే ఇక ఆ దారి మూసుకుపోయినట్టే.

‘రాయమ్మా, అడుగు’ అన్నారు బావగారు.

కథలు ఎవరు ఖాయం చేస్తారని అడిగింది. వాడే అన్నారు. దర్శకుల్ని ఎవరు ఎంచుతారు? వాడే. మా ఆయన ఉండబట్టలేక, అన్నయ్య అనుభవం లేకపోతే నేనేం చేయగలనండీ అని మొదలుపెట్టారు. బావగారు ఆయన వైపు తిరిగి, నువ్వు కాసేపు బయట కూర్చో అన్నారు. యాభై రెండేళ్ళ మనిషి, మాస్టారు క్లాసులోంచి పంపేసిన పిల్లాడిలాగా లేచి వరండాలోకి వెళ్ళిపోయారు.

మిగతా ప్రశ్నలన్నిటికీ బావగారు ఒక్కరే జవాబు చెప్పారు. బడ్జెట్టు ఎవరు వేస్తారు, విడుదల తేదీ ఎవరు చెబుతారు, ఉద్యోగంలోకి ఎవరు తీసుకుంటారు, ఎవరు మానిపిస్తారు. ప్రతిదానికీ వాడే, వాడే. మొదట్లో గట్టిగానే చెప్పారు. పోనుపోను గొంతు తగ్గింది. మరి మీరేం చేస్తారు సార్ అని అడిగినప్పుడు కిటికీలోంచి కింద చెక్‌పోస్టు దగ్గర ఆగిన బళ్ళ వైపు చూస్తూ, ‘నేను వింటాను. విన్నది పదిమందికీ చెబుతాను’ అన్నారు. ఆవిడ అదంతా ఇంగ్లీషులో రాసి, మళ్ళీ తెలుగులో చదివి వినిపించింది. బావగారు ఒక్క మాట కూడా మార్చమనలేదు. సంతకం పెట్టే ముందు మాత్రం, ‘ఇది రాస్తే ఇన్నాళ్ళూ నేను అబద్ధం ఆడినట్టవుతుందా అమ్మా?’ అని అడిగారు.

‘లేదు సార్. అది మీ ఇంటి పద్ధతి. వాళ్ళకు ఇంటి పద్ధతులు తెల్వయి, గంతే’ అంది ఆ అమ్మాయి.

ఆ మాట అన్నందుకు ఆవిణ్ణి ఇప్పటికీ తలుచుకుంటాను.

ఫోన్ ఆఫీసుకే వచ్చింది. ఆ రోజు ఒక రచయిత కథ చెబుతున్నాడు. పేరున్నవాడే, రెండు హిట్లు ఉన్నాయి. ఎప్పట్లాగే బావగారికి ఎదురుగా కూర్చుని, ఆయన మొహంలోకి చూస్తూ, చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. హాల్లో మా మేనేజరు, ఇద్దరు సహాయ దర్శకులు, కాఫీలు తెచ్చే ఆయన ఉన్నారు. బావగారి ఫోన్ మోగింది. ఆయనకి చెవి సరిగ్గా వినపడదు, అన్ని ఫోన్లూ స్పీకర్లోనే పెడతారు. అవతల తెలుగు తెలిసిన ఒకావిడ, వీసా కార్యాలయం నుంచి మాట్లాడుతున్నానని చెప్పి, మీ కంపెనీ గురించి కొన్ని ప్రశ్నలు అడగచ్చా అంది. నేను గాజు తలుపు తోసుకుని బయటికి వచ్చాను. మా ఆయన లేచి, అన్నయ్యా లోపల గదిలోకి వెళ్ళి మాట్లాడదాం అన్నారు. బావగారు కదల్లేదు. అడగండమ్మా అన్నారు.

కాసేపు అవీ ఇవీ అడిగి, ఆవిడ ఆ ప్రశ్నకి వచ్చింది. మీరు అధ్యక్షులు కదా, ఆఖరి మాట మీదే కదా అంది.

‘కాదమ్మా. మా తమ్ముడిది’ అన్నారు బావగారు. ‘ఇప్పుడు కాదు, మొదట్నించీ. ఏ సినిమా తీయాలో, ఏది తీయకూడదో వాడే చెబుతాడు. నేను ఈ కుర్చీలో కూర్చుని వాడి మాట చెబుతాను. నా పేరు మీద వచ్చినవన్నీ వాడు తీసినవే.’

ఆవిడ థాంక్స్ చెప్పి పెట్టేసింది. హాల్లో అందరికీ తెలిసిన సంగతే. కానీ పైకి అన్నవాళ్ళు లేరు, అందులోనూ ఆయన నోటితో. కాఫీ ఆయన ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బావగారు ఫోన్ బల్ల మీద పెట్టి, చెప్పు బాబూ, ఎక్కడున్నాం అని అడిగారు రచయితని. అతను గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. నాలుగు మాటలు చెప్పాడో లేదో, తన కుర్చీ కొద్దిగా జరుపుకుని మా ఆయన వైపు తిరిగాడు. మిగతా కథంతా మా ఆయన మొహం చూస్తూ చెప్పాడు. అతను కావాలని చేశాడనుకోను. కథ చెప్పేవాడు నిర్ణయించేవాడి మొహమే చూస్తాడు.

నాకు సంతోషం వేసింది. ఎందుకు దాచాలి? ముప్పై ఏళ్ళుగా నేను ఎదురుచూసిన రోజు అది. ఆ క్షణంలో ఇంకేమీ ఆలోచించలేదు. అయితే బావగారు ఆ తరవాత కళ్ళు మూసుకోలేదు. ఎప్పుడూ కళ్ళు మూసుకుని వినే మనిషి, కళ్ళు తెరుచుకుని తన ముందున్న ఖాళీ బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. అది చూశాక నా సంతోషం చప్పబడిపోయింది.

ఫిల్మ్‌నగర్‌లో మాట దాగదు. సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయింది. పంపిణీదారులు తిన్నగా మా ఆయనకే ఫోన్ చేయడం మొదలుపెట్టారు, ఇదివరకు చాటుగా చేసేవారు, ఇప్పుడు బాహాటంగా. మా ఆయన పుట్టినరోజుకి పూలగుత్తులు మా మేడ మీదకి వచ్చాయి. బావగారు ఆఫీసుకి ఆలస్యంగా రావడం, తరవాత్తరవాత మధ్యాహ్నం భోజనం చేసి రావడం, కొన్నాళ్ళకి అడిగితేనే రావడం మొదలైంది. ఎండగా ఉంది, ఒంట్లో బాలేదు అని ఏదో ఒకటి చెప్పేవారు. మా ఆయన ఆ చేతుల్లేని కుర్చీలోనే కూర్చుని కథలు వినేవారు. పెద్ద కుర్చీ ఖాళీగా ఉండేది. అందులో కూర్చోమని నేను అనలేదు, అనాలనీ అనిపించలేదు.

వీసా వచ్చిందని ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ కన్సల్టెంట్ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. మా ఆయన వినగానే సోఫాలో కూర్చుండిపోయారు. కాసేపటికి, పద, కిందకి వెళ్ళి చెబుదాం అన్నారు. బావగారు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని బత్తాయి వలుచుకుంటున్నారు. లోపల పిల్లలు టీవీ చూస్తున్నారు. మా ఆయన చెప్పారు. బావగారు మంచిదన్నారు. శాశ్వతంగానేనా అని అడిగారు. ముందు పని వీసా అన్నయ్యా, అక్కడ నిలదొక్కుకుంటే తరవాత శాశ్వతంగా, అన్నారు మా ఆయన. బావగారు బత్తాయి తొనల మీది తెల్లటి పొర జాగ్రత్తగా తీస్తూ ఉన్నారు. తల ఎత్తకుండానే మాట్లాడారు.

‘నీ పని ఎంతటిదో నాకు తెలీక కాదురా చిన్నా. మొదట్నించీ తెలుసు. ముహూర్తం రోజు మైకు చేతికిచ్చినప్పుడల్లా, ఇవాళ నలుగురిలో చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. చెబితే నిన్ను ఎవడో ఎగరేసుకుపోతాడని భయం. నీ పేరు నీకు వచ్చేస్తే నా పక్కన ఎందుకుంటావు, నీ దారి నువ్వు చూసుకుంటావు కదా అని భయం. అందుకని నోరు మూసుకు కూర్చున్నాను.’

నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. బావగారికి చెప్పాలని ఎన్నేళ్ళుగానో కూడబెట్టుకున్న మాటలు ఒక్కటి కూడా గుర్తు రాలేదు. గొడ్డుచాకిరీ చేయించుకుని పేరు మింగేసిన మనిషి అనుకున్నాను ఇన్నాళ్ళూ. మింగేసిన మాట నిజమే. ప్రేమ కొద్దీ మింగాడంటే ఆ మనిషిని ఏం చేయాలి? నాకు ఏడుపొచ్చింది.

మా ఆయన అన్నగారి కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చున్నారు. ‘చెప్పుంటే వెళ్ళేవాణ్ణి కాదన్నయ్యా’ అన్నారు.

బావగారి చేతులు ఆగిపోయాయి. తమ్ముడి వైపు చూశారు. ఏదో దారి దొరికినట్టు గబగబా అన్నారు, ‘మరి ఇప్పుడు చెప్పాను కదరా. అందరి ముందూ చెప్పాను కదా.’

‘వాళ్ళు అడిగితే చెప్పావు.’

ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. ఉన్న సంగతి చెప్పారు, అంతే. వలిచిన తొనలు ఒళ్ళో పళ్ళెంలో అలాగే ఉండిపోయాయి. ఆ నెలాఖరుకి మేం బయల్దేరాం.